గంటలు తడవని నంది

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల ముందునుంచి పోయేవాళ్ళకు లోపల ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. తల, కనుబొమలు, చెవులు అన్నీ రాతిపిండే. ఆ బూడిదరంగు మనుషుల్లో కంబగిరి ఆచారి ఒకడు. నలభై మూడేళ్ళవాడు. తాత ఉలి పట్టాడు, నాయన శేషయ్యాచారి పట్టాడు, ఇతనూ పట్టాడు. పట్టకపోతే ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు, అతనూ ఆలోచించలేదు.

రెండేళ్ళ కిందట దగ్గు పట్టుకుంది. నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రే చూసి, వారానికి ఒక్కరోజైనా ఆ దుమ్ములోనుంచి బయటపడి మంచి గాలి పీల్చుకోమన్నాడు. ఇంకొకడైతే మర్నాటినుంచి పొద్దున్నే నడకకు పోయేవాడు. కంబగిరి మాత్రం ఆ చీటీ జేబులో పెట్టుకుని, ఎట్లాగూ వచ్చాం కదా, బండి క్లచ్ చూపించుకుని పోదామని నూనెపల్లెలో శాంసన్ మెకానిక్ దగ్గరికి పోయాడు. అక్కడ ఒక ఎత్తు బండి నిలబడి ఉంది. మొరటు టైర్లు, పొడుగాటి షాక్ అబ్జార్బర్లు, ఇంజనుకూ నేలకూ మధ్య పిల్లి దూరి పోయేంత ఎడం. దాని పక్కన ఒక అమ్మాయి మోచేతుల దాకా గ్రీజుతో కూర్చుని ఉంది.

"ఇది యాడ తోల్తారు పాపా?"

"యాడ రోడ్డు లేదో ఆడ తోల్తామన్నా," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే.

ఆమె ఫెబా, శాంసన్ ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏడేళ్ళు. ఆదివారం చర్చి నుంచి రాగానే బూట్లు వేసుకుని, గడివేముల దోవలో ఒక గరుసు నేల బీడులో కొత్తవాళ్ళకు బండి నేర్పేది. రోడ్డు మీద తోలడం కాదు. గుంతల్లో, గులకరాళ్ళలో, ఇసకలో, బురదలో. ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్ళు నవ్వారు. కంబగిరి కూడా నవ్వాడు. నవ్వి, ఆ నెలలోనే సెకండ్ హ్యాండులో అట్లాంటి బండి కొని తెచ్చుకున్నాడు. షెడ్లో మిగతా ఆచారులు వారం రోజులు అతన్ని పెళ్ళికొడుకా అని పిలిచారు.

మొదటి ఆదివారం పదకొండుసార్లు పడ్డాడు. ఫెబా మొదట నేర్పింది తోలడం కాదు, పడిన బండిని లేపడం. బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో లేపాలి. రాళ్ళు మోసినవాడు కాబట్టి అది మాత్రం అతనికి వెంటనే వచ్చింది. తర్వాత ఫుట్‌రెస్టుల మీద నిలబడటం, టైర్లలో గాలి తగ్గించుకోవడం, హ్యాండిలును గట్టిగా పట్టుకోకపోవడం.

"చూపు అన్నా, చూపు! ఏ గుంతకు భయపడి చూస్తాండావో ఆ గుంతలోకే పోతాది బండి. పోవాల్సిన దోవను చూడు."

ఈ మాట కంబగిరికి సులభంగానే ఎక్కింది. సుత్తిని చూస్తే దెబ్బ వేలిమీద పడుతుంది, ఉలి కొసను చూడాలి. అదే పాఠం, వేరే బడి. ఆరు నెలలకు అతను కుదురుగా తోలడం మొదలుపెట్టాడు. దగ్గు తగ్గింది. ఆదివారం వస్తుందంటే శనివారం నుంచే ముఖంలో వెలుగు.

ఫెబా దగ్గర ఒక నియమం ఉండేది. దాని విషయంలో ఆమె ఎవరి మాటా వినేది కాదు. నడవకుండా నీళ్ళలోకి బండి దించకూడదు. మడుగు కనిపిస్తే చాలు, అది చీలమండ లోతైనా సరే, బండి స్టాండు వేసి, కట్టె పట్టుకుని, ఈ గట్టునుంచి ఆ గట్టుకు నడిచి, అడుగున ఏముందో చూసి వచ్చేది. కొత్తవాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కున్నా నడిపించేది.

ఆ నియమాన్ని ఆమెచేత తప్పించినవాడు కంబగిరి.

దానికి కాస్త వెనక్కి పోవాలి. పద్దెనిమిదేళ్ళ కిందట, నాయన చేతికింద కంబగిరి మొదటిసారి ఒంటరిగా ఒక నందిని చెక్కాడు. కూర్చున్న నంది, మెడలో గంటల పట్టీ. ఒక్కో గంటకూ ఒక్కో రోజు పట్టింది. చివరిరోజు నునుపు చేస్తుండగా ఎడమ కొమ్ము కొస ఎగిరిపోయింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. శేషయ్యాచారి కొడుకును తిట్టలేదు. "తప్పు రాయిని గద్దె ఎక్కించగూడదు. నీళ్ళకిచ్చెయ్ నాయనా," అన్నాడు. ట్రాక్టరులో వేసుకుపోయి రుద్రవరం దిక్కున చింతబాయిపల్లె దగ్గర జిల్లేళ్ళవాగులో దించారు. వాగు దాన్ని ముంచలేదు. జనం వాగు దాటే చప్టా అంచున ఇసకలో కుదురుగా కూర్చుండిపోయింది.

రైతులు దానికి పూజ చేయలేదు గానీ పని కల్పించారు. ఆ నంది మెడలో గంటలు సరిగ్గా చప్టా మీద నిలబడ్డ మనిషి మోకాలెత్తున ఉంటాయి. నల్లమలలో వాన పడితే ఆ వాగుకు ఎప్పుడు ఎంత నీరు వస్తుందో చెప్పడం కష్టం. అందుకని ఊరివాళ్ళు నందిని చూసేవాళ్ళు. గంటలు పొడిగా ఉంటే దాటొచ్చు. గంటలు తడిస్తే ట్రాక్టరైనా ఆగాల్సిందే. పొలాలనుంచి వచ్చేవాళ్ళు ఎదురైనవాళ్ళను "గంటలు తడిసినాయాప్పా?" అని అడిగేవాళ్ళు. కంబగిరి చెక్కిన విగ్రహాలు ఎన్నో గుళ్ళలో ఉన్నాయి. ఏ గుళ్ళోనూ దొరకని నమ్మకం ఈ కొమ్ము విరిగిన ఎద్దుకు దొరికింది. అది తలుచుకున్నప్పుడల్లా అతనికి ఛాతీ పొంగేది.

పోయిన ఏడాది శ్రావణంలో ఫెబాను అక్కడికి తీసుకుపోయాడు. ఆమె అలవాటు ప్రకారం బండి దిగి, కట్టె వెతుక్కుంటోంది.

"ఈడ నడిచేదెందుకు పాపా?" అన్నాడు కంబగిరి నవ్వుతూ. "నా నంది ఉంది గదా. గంటలు పొడిగా ఉండాయి. పదిహేడేండ్లుగా ఒక్కసారి తప్పు చెప్పలే."

ఫెబా నందిని చూసింది, అతన్ని చూసింది. ఆ రోజు నడిచే వెళ్ళింది. లోతు మోకాలికి రాలేదు. తర్వాత రెండుసార్లు వచ్చినప్పుడూ నడిచి చూసింది, నంది చెప్పినట్టే ఉంది. నాలుగోసారి నడవలేదు. "నీ ఎద్దు గెలిచిందన్నా," అని బండి మీదనుంచే అరిచి దాటేసింది. కంబగిరి దారి పొడుగునా నవ్వుకున్నాడు.

ఈ ఏడాది శివరాత్రి ముందు చింతబాయిపల్లె నుంచి కమలాక్షమ్మ కబురు పంపింది. ఊళ్ళో పెద్ద భూస్వాముల ఇంటి ఆడమనిషి, భర్త పోయాక సేద్యమంతా తనే చూసుకుంటున్న మొండిఘటం. బసవన్న బురదలో కూర్చున్నట్టు ఆమెకు మూడుసార్లు కల వచ్చిందట.

"ఇన్నేండ్లు మనల్ని కాపాడినాడు. గద్దె కట్టి కూర్చోబెట్టాల, ప్రతిష్ఠ చెయ్యాల. ఆ కొమ్ము సంగతి నువ్వు చూసుకో ఆచారీ," అంది.

కొమ్ము సంగతి ఏం చూసుకోవాలో కంబగిరికి తెలుసు, చూసుకోకూడదనీ తెలుసు. అయినా తన మొదటి నందికి పద్దెనిమిదేళ్ళ తర్వాత పూజ జరుగుతుందంటే ఆశ పుట్టింది. రాతిపిండీ జిగురూ కలిపి కొమ్ము కొస అతికించాడు. అతుకు తనకే కనపడనంత నున్నగా తేల్చాడు. ఇంటికొచ్చి చెబితే, చూపు సరిగా ఆనని శేషయ్యాచారి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అది యాడ కూర్చుందో ఆడనే ఉండనీ. ఎత్తొద్దు."

"ఊరంతా అడుగుతాంటే ఎట్ల కాదంటా నాయనా?"

ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నందిని లేపి అదే చోట రెండడుగుల గద్దె కట్టారు. టేపు పట్టి కొలిచినవాడు కంబగిరే. మోకాలి దగ్గరున్న గంటలు నడుము పైకి పోయాయి. వాగులో అప్పుడు ఇసక తప్ప చుక్క నీరు లేదు. పూలు, సాంబ్రాణి పొగ, కొబ్బరికాయలు, ఫోటోలు. ఎగువన వంతెన పడ్డాక చప్టా మీద రాకపోకలు కూడా తగ్గాయి. గంటలు పైకి పోయిన మాట ఆ రోజు అక్కడున్న రెండు వందల మందిలో ఒక్కరికీ తట్టలేదు. చెక్కినవాడికీ తట్టలేదు.

సెప్టెంబరు వచ్చింది. ఫెబా దగ్గర కొత్తగా ఐదుగురు చేరారు. వాళ్ళను ఒక ఆదివారం ఆళ్లగడ్డ మీదుగా పొలాల బాటన వాగు దాటించి, కొండ మొదలు దాకా తీసుకుపోవాలని ఆమె అనుకుంది. అడవిలోకి మాత్రం అడుగు పెట్టనిచ్చేది కాదు. కంబగిరి కూడా పోవాల్సింది. కానీ అదేరోజు షెడ్లో చెక్కిన ఒక విగ్రహం తీసుకుపోవడానికి లారీ, క్రేను వస్తున్నాయి. శనివారం ఫోన్లో చెప్పాడు.

"మీరు పొండి పాపా. పని ముగించి వాగు అవతల కలుస్తా."

"కొండల్లో రెండు దినాలుగా వాన పడతాందంట గదన్నా. వాగులో నీళ్ళుంటాయేమో?"

"నంది ఉంది గదా," అన్నాడు.

ఆదివారం ఆళ్లగడ్డలో ఎండ కాస్తోంది. నల్లమల వైపు ఆకాశం మాత్రం కాటుక పూసినట్టుంది. కంబగిరి విగ్రహం పీఠానికి ఆఖరి మెరుగు పెడుతున్నాడు. గ్రైండరు మిషను చెవుల్లో హోరెత్తిస్తోంది. చొక్కా మేకుకు వేలాడుతోంది, ఫోను చొక్కా జేబులో ఉంది. మిషను ఆపి చెమట తుడుచుకునేసరికి పన్నెండున్నర దాటింది. మూడు మిస్డ్ కాల్స్. మూడూ ఫెబావే. తర్వాత ఒక ఫోటో, రికార్డు చేసిన ఒక మాట పంపింది.

"అన్నా, ఫోను ఎత్తవేందీ? నీళ్ళు జోరుగా పోతాండాయి గానీ గంటలు పొడిగానే ఉండాయి. కొమ్ము అతికించినారే, బాగుందన్నా! దిగుతాండాం."

కంబగిరి ముందు కొమ్మునే చూశాడు. ఫోటోలో కూడా అతుకు కనపడటం లేదని సంతోషపడ్డాడు. ఆ సంతోషం ఎంతసేపు ఉందో అతను తర్వాత ఎన్నోసార్లు లెక్కపెట్టుకున్నాడు. రెండు మూడు క్షణాలు. తర్వాత నంది కాళ్ళ దాకా వచ్చిన ఎర్రనీటిని చూశాడు. నంది కింద ఏదో ఉండాలి. గద్దె ఏదీ?

గద్దె నీళ్ళ కింద ఉంది.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే అందుబాటులో లేదంది. క్రేను డ్రైవరు "యాడికి పోతాండావ్ ఆచారీ!" అని అరుస్తున్నా వినకుండా బండెక్కాడు.

పొలాల అడ్డదారే దగ్గర దోవ. కానీ రాత్రి జల్లుకు నల్లరేగడి నానిపోయి ఉంది. కిలోమీటరు పోయాడో లేదో మట్టి టైరుకు చుట్టుకుని, మడ్గార్డులో ఇరుక్కుని, ముందు చక్రం తిరగడం మానేసింది. పడ్డాడు. మొలలో ఉన్న ఉలి తీసి మట్టి గీకాడు, లేపాడు, నూరు గజాలు పోయాడు, మళ్ళీ ఇరుక్కుంది. మళ్ళీ గీకాడు. దోవను చూడు, దోవను చూడు అని ఆమె గొంతు చెవుల్లో వినిపిస్తూనే ఉంది. కళ్ళు మాత్రం ఎంతకూ రాని ఆ వాగునే చూస్తున్నాయి. ప్రతి గుంతలోకీ బండి పోయింది. చివరికి శనగకు దున్నిపెట్టిన చేలో బండి పడేసి పరుగెత్తాడు.

గట్టు మీద ఐదు బండ్లు ఉన్నాయి. ఐదుగురు మనుషులు ఉన్నారు. వాళ్ళలో హరీష్ అనే బ్యాంకు ఉద్యోగి నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు.

"అక్క ముందు పోయిందన్నా. నేను దాటి చెయ్యి ఊపినాక ఒక్కొక్కరు రాండి అనింది. నడిమధ్యలో బండి నిలబడిపోయింది. అట్లనే పక్కకు పడింది. ఒక్క నిముషం కూడా కాలేదు."

"నడిచి చూసిందా?" అన్నాడు కంబగిరి.

"లేదన్నా. క్లాసులో నడవమంటావు గదక్కా అని నేనే అడిగినా. ఈడ అక్కర్లే, దీన్ని చెక్కింది మన ఆచారన్న, ఇది అబద్ధం చెప్పదు అనింది."

వాగు మధ్యలో నంది పసుపు కుంకుమలతో ప్రశాంతంగా కూర్చుని ఉంది. గంటలు ఇంకా పొడిగానే ఉన్నాయి.

సాయంత్రం రెండు కిలోమీటర్ల దిగువన చెక్‌డ్యాం దగ్గర ఫెబా దొరికింది. హెల్మెట్ పట్టీ బిగించినట్టే ఉంది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి, వాటిలో దుస్సాహసం అనే మాట రెండుసార్లు ఉంది. ఆడపిల్లకు అంత పొగరెందుకని టీ బంకుల దగ్గర అనుకున్నారు. గద్దె గురించి ఎవరూ అడగలేదు. కంబగిరి చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకున్నాడు, రోజూ గ్రైండరు ఆన్ చేసుకుని ఆ హోరులో కూర్చున్నాడు. దగ్గు మళ్ళీ మొదలైంది. ఇంత పిరికివాడినని అతనికి అంతకుముందు తెలియదు.

పదకొండో రోజు మధ్యాహ్నం శాంసన్ షెడ్డుకు వచ్చాడు. చేతులకు గ్రీజు లేకుండా అతన్ని చూడటం కంబగిరికి అదే మొదలు.

"బిడ్డకు రాయి కావాల ఆచారీ. పేరు, తారీఖులు చాలు." బల్ల మీద కూర్చున్నాడు. "అందరూ పొగరంటాండారు. నడవకుండా నీళ్ళలోకి దిగే పిల్ల కాదప్పా అది. నేను ఎంత ఆలోచించినా అర్థం కాలే. నీకేమన్నా తెలుసా?"

కంబగిరి మిషను స్విచ్చి ఆపేశాడు. అంతా చెప్పాడు. తన మాట నమ్మి ఆమె నడక మానుకున్నదీ, కొమ్ము అతికించిందీ, గద్దె కట్టిందీ, మూడు ఫోన్లు ఎత్తనిదీ. ఫోనులో ఆమె గొంతు వినిపించాడు. శాంసన్ ఒక్కసారే విన్నాడు, రెండోసారి వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్ని అడుగులు?"

"రెండు."

శాంసన్ లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ రాయి నువ్వు చెక్కొద్దు," అన్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఆ గద్దె ఇంకా అట్లనే ఉండాదా?"

"ఉండాది."

"మరి ఈడేం చేస్తాండావ్?"

మర్నాడు పొద్దున్నే కంబగిరి చింతబాయిపల్లెకు పోయాడు. కమలాక్షమ్మ ససేమిరా అంది. ప్రతిష్ఠ చేసిన దేవుణ్ణి కదిలిస్తే ఊరికి అరిష్టమంది. కావాలంటే పక్కన బోర్డు పెట్టిస్తానంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఒక బోర్డు చదివి పోదని కంబగిరికి తెలుసు. వాదించలేదు. వాగులోకి దిగాడు, మొలలోతు నీళ్ళలో నందిని చేరుకున్నాడు, ఉలి ఎడమ కొమ్ము మీద పెట్టాడు. ఒక్క దెబ్బ. అతికించిన ముక్క నీళ్ళలో పడింది.

"ఏం చేస్తాండావ్రా పాపిష్టోడా!" అని గట్టు మీదనుంచి కమలాక్షమ్మ కేక పెట్టింది.

"భిన్నమైందమ్మా," అన్నాడు కంబగిరి. "ఇప్పుడు కాదు, పద్దెనిమిదేండ్లుగా భిన్నమైందే. నేను జిగురు పెట్టి మిమ్మల్ని మోసం చేసినా. ఇంక పూజకు పనికిరాదు, దించాల."

ఊరు ఊరంతా తిట్టింది. ఇద్దరు కుర్రాళ్ళు కొట్టారు కూడా. కానీ భిన్నమైన విగ్రహాన్ని గద్దె మీద ఉంచే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగు రోజులకు నీరు తగ్గాక వాళ్ళే దించి పాత చోట పెట్టారు, గద్దె పగలగొట్టారు. కంబగిరి పక్కన నిలబడి చూశాడు. గంటలు మోకాలి దగ్గరికి వచ్చాయి. జిగురు ఆచారి అన్న పేరు ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల దాకా పాకింది. విగ్రహాలు చెక్కమని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇంట్లో మాత్రం ముసలాయన మంచం మీదనుంచి "దించినావా?" అని అడిగాడు. దించానంటే ఊఁ అన్నాడు.

ఆ తర్వాత కొండల వైపు మబ్బు కనిపించిన ప్రతిరోజూ కంబగిరి షెడ్డు వదిలి, వాగు గట్టున బండి అడ్డం పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో ఒక ఆదివారం అట్లాగే కూర్చుని ఉండగా ఆరు బండ్లు వచ్చాయి. వెనక ఐదుగురూ ఆ రోజు వాళ్ళే. ముందు బండి ఫెబాది. వంగిన హ్యాండిలు సరిచేసి, ఇంజను విప్పి బిగించినట్టున్నారు. దాని మీద శాంసన్ ఉన్నాడు, అరవై ఏళ్ళ మనిషి, తలకు కొత్త హెల్మెట్. బిడ్డ మొదలుపెట్టిన దోవను పూర్తి చేయించడానికి పిల్లల్ని తెచ్చాడు.

శాంసన్ బండి ఆపాడు. కంబగిరి ముఖంలోకి చూడలేదు, వాగువైపే చూశాడు.

"గంటలు తడిసినాయా?"

"లేదన్నా. పొడిగా ఉండాయి. మోకాలికి రాదు."

శాంసన్ తలాడించాడు. బండి స్టాండు వేశాడు, ప్యాంటు మడిచాడు, గట్టు మీద పడి ఉన్న కంపకట్టె ఒకటి తీసుకుని నీళ్ళలోకి నడిచాడు. కంబగిరి కూడా లేచి, చెప్పులు విడిచి, అతని వెనకాలే దిగాడు.